తల్లి వృత్తి దగ్గర ఏం రాస్తున్నారు?

ఇంటర్ అడ్మిషన్ మొదలు డిగ్రీ స్కాలర్‌షిప్ దాకా ఎన్ని ఫారాలు నింపి ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. తండ్రి వృత్తి దగ్గర 'సింగరేణి కార్మికుడు' అనో 'వ్యవసాయం' అనో రాస్తాం. తల్లి వృత్తి దగ్గరికి వచ్చేసరికి ఆలోచించే పనే లేదు. 'గృహిణి' అని రాసి కింది గడిలోకి వెళ్లిపోతాం.

కమాన్‌పూర్, రామగిరి, అంతర్గాం, పాలకుర్తి, మంథని మండలాల ఊళ్ల నుంచి వచ్చి గోదావరిఖనిలో చదువుకుంటున్న వాళ్ల ఇళ్లలో ఆ గృహిణి ఏం చేస్తుందో చూద్దాం. తెల్లారక ముందే లేస్తుంది. కొట్టంలో పెండ తీసి, కుడితి పెట్టి, దుడ్డెను విడిచి, బర్రెను చేపుకొచ్చి పాలు పిండుతుంది. పాలకేంద్రం మూసేలోపు క్యాను అక్కడ ఉండాలి. మొదటి షిఫ్టుకు పోయే భర్తకు సద్ది కట్టాలి. తర్వాత పత్తి చేనుకో, వరి పొలానికో పోతుంది. నాటు, కలుపు, పత్తి ఏరుడు... కాలాన్ని బట్టి ఏదో ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం వచ్చేటప్పుడు నెత్తి మీద గడ్డి మోపు. సాయంత్రం మళ్లీ పాలు. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు. ఇన్ని పనుల తర్వాత కాగితం మీద ఆమె పని చేయని మనిషే.

బొగ్గు బాయి చుట్టూ ఉన్న పల్లెల్లో ఈ పద్ధతి ఎలా స్థిరపడిందో తెలుసుకుంటే ఇంకొంచెం అర్థమవుతుంది. గనుల చట్టం 1952 ఆడవాళ్లను భూగర్భ గనిలో పనికి పెట్టుకోకూడదని చెప్పింది. ఆ నిబంధనను కేంద్రం సడలించింది 2019లో. అంటే మధ్యలో 60 ఏళ్లకు పైగా బాయి దిగే నౌకరీ మగవాళ్లదే. ఊళ్లో ఉన్న రెండెకరాలు, రెండు బర్రెలు ఎవరు చూసుకోవాలి? ఆడవాళ్లే. జీతం వచ్చే పని ఆయనది, జీతం రాని పని ఆమెది. నెలాఖరుకు బ్యాంకులో పడే జీతం అందరికీ కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు క్యానులో పోసే పాలు ఎవరి లెక్కలోనూ ఉండవు.

కానీ కోచింగ్ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి ఇంట్లో అడిగి చూడండి. "అవ్వా, టెస్ట్ సిరీస్‌కు పైసలు కట్టాలె" అంటే "పాల బిల్లు రానీ బిడ్డా" అనే జవాబు ఈ ప్రాంతంలో చాలామందికి కొత్తది కాదు. సింగరేణి నోటిఫికేషన్ కోసం, గ్రూప్స్ కోసం, పోలీసు ఉద్యోగాల కోసం మనం అశోక్‌నగర్ గదుల్లో ఎదురుచూసిన నెలలు, ఏళ్లు ఉన్నాయి కదా, వాటిలో చాలా భాగం నడిచింది వెన్న శాతం లెక్కలో వచ్చిన డబ్బు మీదే.

ఇంత చేసినా రైతు కాదు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన దగ్గర రైతు అంటే పట్టాదారు పాస్‌బుక్‌లో పేరున్న మనిషి. గ్రామాల్లో పనిచేస్తున్న ఆడవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది వ్యవసాయంలోనే ఉన్నారని కేంద్రం చేసే కార్మిక సర్వేలు చెబుతున్నాయి. అదే 2015-16 వ్యవసాయ గణనలో కమతాల లెక్క తీస్తే ఆడవాళ్ల పేరు మీద ఉన్నవి దాదాపు 14 శాతమే. పని ఒకరిది, పేరు ఒకరిది.

పేరుదేముంది, ఇంటి భూమే కదా అంటారా? రైతుబీమా సంగతి చూడండి. 2018 ఆగస్టులో మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. మంచి పథకమే, చాలా కుటుంబాలను నిలబెట్టింది. కానీ భూమి భర్త పేరున ఉండి, సేద్యం మొత్తం భార్య చేస్తుంటే? చేను దగ్గర పాము కరిచో, పిడుగు పడో ఆమె చనిపోతే ఆ 5 లక్షలు రావు. పథకం లెక్కలో చనిపోయింది రైతు కాదు, రైతు భార్య. ఓపెన్‌కాస్టు గని విస్తరణకు భూమి తీసుకున్నప్పుడు కూడా అంతే. పరిహారం చెక్కు పాస్‌బుక్‌లో ఉన్న పేరు మీద వస్తుంది. ఆ చెలకలో 20 ఏళ్లు కలుపు తీసిన చెయ్యి సంతకం పెట్టే అవసరం ఎక్కడా రాదు. కొట్టం పోతే బర్రెలను ఎక్కడ కట్టెయ్యాలన్న ప్రశ్న మాత్రం ఆమెకే మిగులుతుంది.

ఇది ఎవరూ గమనించని సంగతి కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ నాయకత్వంలోని రైతు కమిషన్ సిఫార్సుల మీద వచ్చిన 2007 జాతీయ రైతు విధానం, రైతు అన్న మాటకు భూమి పట్టాతో సంబంధం లేకుండా అర్థం చెప్పింది. కౌలుదారులు, కూలీలు, పశువుల పెంపకందారులు అందరూ అందులోకి వస్తారు, ఆడైనా మగైనా. ఆయనే రాజ్యసభ సభ్యుడిగా మహిళా రైతుల హక్కుల బిల్లు, 2011 తయారు చేశారు. అది చట్టం కాలేదు. ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా విషయంలో మాత్రం మనం దేశం కన్నా ముందున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఆ హక్కు ఉంది, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా అన్నదమ్ములతో సంబంధం చెడిపోతుందని వాటా అడగని అక్కాచెల్లెళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పోటీ పరీక్షల్లో హిందూ వారసత్వ సవరణ చట్టం ఏ సంవత్సరం అని బిట్టు వస్తే ఠక్కున టిక్కు పెడతాం. ఇంట్లో అక్క వాటా సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తాం!

యూట్యూబ్ చెప్పని లెక్క

ఉద్యోగాల వేటలో విసిగిపోయిన వాళ్లకు ఈ మధ్య కనిపిస్తున్న దారి డెయిరీ. 'పది బర్రెలతో నెలకు లక్ష' తరహా వీడియోలు చూసి లోన్ ఫారం పట్టుకొని బ్యాంకుకు వెళ్తున్న వాళ్లూ ఉన్నారు. వెళ్లొద్దని కాదు. ముందు మీ ఇంట్లోనే ఉన్న అనుభవజ్ఞురాలి పక్కన కూర్చొని ఈ లెక్క వేయండి.

అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు పెట్టుకొని మార్చుకోండి. రెండు బర్రెలు కలిపి రోజుకు 10 లీటర్లు ఇస్తున్నాయి అనుకుందాం. లీటరుకు సగటున 50 రూపాయలు పడితే నెలకు 15 వేలు. దాణా, తవుడు, పత్తిచెక్క, కొనే గడ్డి, మందులు కలిపి 8 వేలు పోతాయనుకుంటే మిగిలేది 7 వేలు. 'లాభం' అని వీడియోలో చూపించేది ఇదే. ఇప్పుడు ఆమె పని కలపండి. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు 180 గంటలు. ఎనిమిది గంటల కూలి లెక్కన అది ఇరవై రెండున్నర రోజులు. రోజు కూలి 400 అనుకున్నా 9 వేలు. అంటే 7 వేల లాభం కాదు, 2 వేల నష్టం. ఆ ఇల్లు నడుస్తున్నది పాల మీద కాదు, ఆమె తీసుకోని కూలి మీద.

పైగా బర్రె 12 నెలలూ పాలివ్వదు. చూడి కాలమే పది నెలలకు పైన. ఈనే ముందు రెండు మూడు నెలలు వట్టిపోతుంది, మేత మాత్రం తగ్గదు. ఎదకు వచ్చింది గమనించకపోతే ఇంకో మూడు వారాలు వృథా. బర్రెల ఎద ఆవుల్లాగా బయటికి కనిపించదు, అందులోనూ ఎండాకాలంలో అసలే తెలియదు. తోక కదలిక, తీగ, పాలు తగ్గడం, మేత మానడం... ఇవన్నీ రోజూ దగ్గరుండి చూసే మనిషికే తెలుస్తాయి. సమయానికి సూది వేయించింది, గాలికుంటుకు, గొంతువాపుకు టీకా వేయించింది, పొదుగువాపును మొదటి పూటే పట్టుకున్నది ఎవరో గుర్తు చేసుకోండి. ఇది బయోడేటాలో రాసుకుంటే ఏ డెయిరీ కంపెనీ అయినా 'అనుభవం: 20 సంవత్సరాలు' అని చదువుకుంటుంది. ఆమెకు బయోడేటా లేదు, అంతే తేడా.

ములుకనూరు ఏం చేసింది

ఈ పని విలువను పేరుతో సహా లెక్కలోకి తెచ్చిన చోటు మనకు మరీ దూరంలో లేదు. గోదావరిఖని నుంచి కరీంనగర్ మీదుగా హుస్నాబాద్ వెళ్లి ఎల్కతుర్తి దారి పడితే ములుకనూరు వస్తుంది. మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు సొంతూరు వంగర ఉన్న భీమదేవరపల్లి మండలమే ఇది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా.

సహకార సంఘాలు అంటే రాజకీయాలు, బకాయిలు అనే అభిప్రాయం ఉన్న రోజుల్లోనే ఇక్కడ 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి సహకార గ్రామీణ బ్యాంకును నిలబెట్టారు. ఆ తర్వాతి తరంలో ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. రూపాయి రూపాయి జమ చేసి, అప్పులు ఇచ్చిపుచ్చుకొని, రిజిస్టర్లు తామే రాసుకొని లెక్క నేర్చుకున్నారు. సహకార అభివృద్ధి సంస్థ వెనక ఉండి శిక్షణ ఇచ్చింది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే సంఘం నడుపుకునే వీలు కల్పించింది. ఆ చట్టం కిందే, 2002లో, ఈ ఆడవాళ్లు తమ డెయిరీ మొదలుపెట్టారు. పాకెట్ మీద పేరు 'స్వకృషి'. పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

అక్కడి ఏర్పాటు వినడానికి సాదాగా ఉంటుంది. సభ్యత్వం ఆడవాళ్లకే. ఊరి సంఘంలో రెండు పూటలా పాలు పోస్తారు, వెన్న శాతం చూస్తారు, ఆ లెక్క ఆమె పేరు మీదే రాస్తారు. పాల బిల్లు ఆమెకే వస్తుంది. ఏడాది చివర మిగులు ఉంటే బోనస్ కూడా పోసిన పాలను బట్టి ఆమెకే. డైరెక్టర్లను ఎన్నుకునేది వాళ్లే, డైరెక్టర్లుగా కూర్చునేదీ వాళ్లే. పాడి ఇంటిదే, బర్రెలు ఆ బర్రెలే, పిండే చేతులు ఆ చేతులే. మారింది రిజిస్టర్‌లో పేరు. ఆ ఒక్క మార్పుతో ఎన్ని జరుగుతాయో చూడండి: బ్యాంకు ఖాతా ఉంటుంది, అప్పు పుట్టే అర్హత ఉంటుంది, ఎన్నికలో ఓటు ఉంటుంది, మీటింగ్‌లో కుర్చీ ఉంటుంది. ఇంట్లో "నాకు తెల్వదు, మీ బాపును అడుగు" అనే మాట తగ్గుతుంది.

అంతా బంగారం అనడం లేదు. బర్రె పని అక్కడైనా ఆరు గంటలే పడుతుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటి పనికి రోజుకు ఆడవాళ్లు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ 289 నిమిషాల్ని ఏ సహకార సంఘమూ తగ్గించలేదు. అది మన ఇళ్లలో తేలాల్సిన సంగతి, ముఖ్యంగా నోటిఫికేషన్ లేని నెలల్లో ఇంటికొచ్చి ఫోన్ చూస్తూ పడుకునే మనలాంటి వాళ్లం తేల్చాల్సింది.

గంగవ్వను చూసి నవ్వాం కానీ...

పక్క జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వను తెలియనివాళ్లు మనలో లేరు. 'మై విలేజ్ షో' వీడియోల్లో ఆమె మాట విని కడుపుబ్బ నవ్వాం. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లో చూశాం, 2024లో మళ్లీ చూశాం. 'మల్లేశం' సినిమాలోనూ కనిపించింది. కెమెరా రాకముందు ఆమె జీవితమంతా పొలంలో కూలి పని, బీడీలు చుట్టడం, పిల్లల్ని సాకడం. బడి చదువు లేదు. అంత పేరొచ్చాక ఆమె కోరుకున్నది కారు కాదు, హైదరాబాద్‌లో ఫ్లాటు కాదు. సొంతూళ్లో సొంత ఇల్లు. 2021లో ఆ ఇంట్లో అడుగుపెట్టింది.

ఆమె మాటలో ఉన్న ఆ చురుకు, ఆ సమయస్ఫూర్తి, మనిషిని చూసి లెక్కగట్టే ఆ తెలివి యూట్యూబ్ ఇచ్చింది కాదు. అది నాట్ల బంతిలో, బీడీల కార్ఖానాలో నలిగిన ఏళ్లలో వచ్చింది. గంగవ్వకు కెమెరా దొరికింది. అదే బంతిలో ఆమె పక్కన నాటు వేసిన మిగతా ఆడవాళ్లకు దొరకలేదు.

పని చేయాలనుకుంటే ఎక్కడ

ఇంట్లో పాడి ఉన్న విద్యార్థులు పోటీ పరీక్షల హడావుడిలో అసలు చూడని కొన్ని దారులు ఉన్నాయి. పదో తరగతి పూర్తి చేసే తమ్ముడో చెల్లెలో ఉంటే పాలిసెట్ ద్వారా రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది, కరీంనగర్‌లోనే ఆ పాలిటెక్నిక్ ఉంది. వెటర్నరీ డిగ్రీకి కోరుట్లలో, వరంగల్ దగ్గర మామునూరులో కాలేజీలు ఉన్నాయి. పాల పరిశ్రమలో యంత్రాలు, ప్రాసెసింగ్ వైపు వెళ్లాలంటే కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ బీటెక్ ఉంది. ఇవన్నీ పి.వి. నరసింహారావు పేరున్న పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. వ్యవసాయం, పశువైద్యం, డెయిరీ డిగ్రీలు చేసినవాళ్లకు బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులు ఐబీపీఎస్ ద్వారా పడుతుంటాయి.

మామూలు డిగ్రీ అయిపోయి కూర్చున్నవాళ్లకు? బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వాళ్లు పాల నాణ్యత ల్యాబుల వైపు చూడొచ్చు. సహకార రంగంలో మేనేజ్‌మెంట్ చదవాలంటే కురియన్ 1979లో ఆనంద్‌లో పెట్టిన ఇర్మా ఉంది, అది 2025 నుంచి త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగం. పాల సేకరణ సూపర్‌వైజర్ వంటి చిన్న ఉద్యోగాన్ని కూడా తక్కువగా చూడొద్దు. రూట్ల మీద తిరిగి రైతులతో మాట్లాడిన రెండేళ్లు తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి.

ఇక అమ్మ పేరు సంగతి. ముందు ఇంట్లో పాస్‌బుక్ తీసి ఎవరి పేరుందో చూడండి. భార్యాభర్తల మధ్య గిఫ్టు డీడ్‌తో కొంత భూమి ఆమె పేరు మీదకు మార్చుకునే వీలుంది. ఇప్పుడు ఆ పని భూభారతి పోర్టల్‌లో స్లాట్ తీసుకొని తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది. ఖర్చుంటుంది, ముందే కనుక్కోండి. ఆమె వయసు 59 దాటకుండా ఉంటే ఆ తర్వాత రైతుబీమాకు ఆమె పేరు కూడా ఎక్కించుకోవచ్చు. రెండోది, పాడికి ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకు భూమి పట్టా అక్కర్లేదు. పశువులు ఉంటే చాలు. పూచీకత్తు లేని పరిమితిని 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచారు. మహిళా సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు వేరే. పాలకేంద్రంలో మీ ఇంటి ఖాతా బాపు పేరు మీద ఉంటే అమ్మ పేరు మీదకు మార్చమని అడగడానికి ఒక దరఖాస్తు చాలు. పశువు నడవలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేస్తే బండి ఇంటికే వస్తుంది. ఈ నంబర్ ఆమె ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో చూసి, ఫారం నింపి ఇచ్చే మనిషి ఇంట్లో ఎవరూ అంటే మీరే. పరీక్షల కోసం ఎన్నో ఫారాలు నింపిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో రాసుకునే ఉంటారు. అక్టోబర్ 15 మహిళా కిసాన్ దివస్ అన్నది కూడా.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక, సాయంత్రం పాలు పోసొచ్చి, వంట చేసి, అందరికీ పెట్టి, అప్పుడు హాస్టల్ గదికి ఆమె ఫోన్ చేస్తుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "తిన్నవా బిడ్డా?" రెండోది, "నోటిఫికేషన్ పడ్డదా?" ఇంకా పడలేదని చెప్తాం. సరే మంచిగ చదువుకో అంటుంది. మధ్యలో ఆ పక్క నుంచి దుడ్డె అరుపు వినిపిస్తుంది, "ఆగు, పెద్ద బర్రె ఈనేటట్టున్నది, చూసొస్త" అని ఫోన్ పెట్టేస్తుంది.